ఖీరాన్ పాయలో పసుపు పడవ

ఆ పడవ నాది కాదు. ఈ మాట మొదటే చెప్పేస్తే తర్వాత ఎవరూ నాకు గుర్తు చేయనక్కర్లేదు. పడవ మామా కొడుకులది. అల్ రాయ్‌లో ఏదో పెద్ద దుకాణంలో కొనుక్కొచ్చి, రెండు మూడుసార్లు దాని మీద కూర్చుని ఫొటోలు దిగి, ఇంటి వెనక ఖాళీ గ్యాసు బండల పక్కన పడేశారు. పసుపు రంగు ప్లాస్టిక్ కయాక్. దాని మీద పక్షి రెట్టలు కడిగింది నేను. లోపల గూళ్ళు కట్టిన సాలీళ్ళను దులిపింది నేను. ఎండకు ఎండి మూలన పడున్నదాన్ని మళ్ళీ నీళ్ళ మొహం చూపించింది నేను. ఇక అది ఎవరిదో తేల్చుకోవాలనుకునేవాళ్ళు తీరిగ్గా కూర్చుని తేల్చుకోవచ్చు.

మామా అంటే నేను పనిచేసే ఇంటావిడ. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళమంతా యజమానురాలిని అలాగే పిలుస్తాం, ఆవిడ మనకన్నా చిన్నదైనా సరే. మా మామా నాకన్నా చిన్నదే. వాళ్ళకి సిటీలో ఇల్లుంది, దక్షిణాన ఖీరాన్‌లో నీళ్ళ ఒడ్డున షాలే ఉంది. షాలే అంటే సెలవులకు వెళ్ళే ఇల్లు. గురువారం సాయంత్రం అందరం కార్లలో అక్కడికి చేరతాం. వాళ్ళు సెలవుకి వెళ్తారు, నేను పనికి వెళ్తాను. అక్కడ చుట్టాలు ఎక్కువ, వంట ఎక్కువ, గిన్నెలు ఎక్కువ, ఇక ఇసక సంగతి చెప్పనే అక్కర్లేదు.

కానీ ఆ షాలే వెనక ఖోర్ ఉంది. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయని ఇక్కడ ఖోర్ అంటారు. సముద్రంలో కలిసే మొగ దగ్గర లోతుగా ఉండి, లోపలికి మలుపులు తిరిగి, చివరికి పల్చటి ఉప్పు మడుగులుగా విడిపోతుంది. మొదటిసారి చెత్త సంచి పారేయడానికి వెళ్ళి అది చూసి, సంచి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గట్టు మీద నాటిన ఖర్జూరాలు తప్ప కొబ్బరి చెట్లు లేవు, మడ చెట్లు లేవు, బురద వాసన మాత్రం అచ్చం మా కోనసీమదే. ఇల్లు గుర్తొచ్చి ఏడ్చానని మీరు అనుకుంటారేమో. లేదు, నాకు ఒళ్ళు మండింది.

ఎందుకో చెప్తాను. మా ఊళ్ళో మావాళ్ళది చేపల పనే. మావాళ్ళంటే మగవాళ్ళు. మేం చేపలు మోయొచ్చు, కోయొచ్చు, ఎండబెట్టొచ్చు, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మొచ్చు. పట్టకూడదు. ఆడది దోనె ఎక్కితే ఆ దోనెకి చేప పడదంటారు. మా అమ్మ పీతలు ఏరేది. పాటు తీసి నీళ్ళు దిగిపోయాక, పెద్ద సత్తు బేసిన్ ముందుకు తోసుకుంటూ, దాని మీదకి ఒరిగి బురదలో నడిచేది. బరువు బేసిన్ మీద వాలిస్తే బురద మనిషిని మింగదు. ఆ బురద వరకే మా ఆడవాళ్ళ రాజ్యం. చిన్నప్పుడు ఒకసారి నాన్న దోనెలో కాలు పెడితే, అన్నయ్య నన్ను జుట్టు పట్టుకుని కిందికి లాగాడు. ఆ వారం చేపలు పడకపోతే ఆ పాపం నా నెత్తిన వేశారు. నా కాలికి సముద్రాన్నే ఖాళీ చేసేంత శక్తి ఉంటే నేను కువైట్ వచ్చి గిన్నెలు తోముతానా?

అందుకే ఆ పాయనీ, దాని ఒడ్డున ఊరికే పడున్న పడవనీ చూడగానే కోపం వచ్చింది. అక్కడ పట్టేవాళ్ళున్నా నన్ను ఎక్కనివ్వలేదు. ఇక్కడ ఎక్కేవాళ్ళే లేరు. ఇంకెందుకు ఊరుకోవాలి?

శుక్రవారం ఆ ఇల్లు జుమా నమాజు వేళకు గానీ లేవదు. రాత్రంతా కబుర్లు చెప్పుకుని తెల్లారగట్ల పడుకుంటారు. పొద్దెక్కేదాకా నేను ఎవరికీ అక్కర్లేదు. ఆ కాస్త పొద్దు నాదనుకున్నాను. గేలాలూ దారమూ తెచ్చిపెట్టమని మా ఇంటి డ్రైవర్ని అడిగాను. అతనిది రాయచోటి దగ్గర పల్లె, నన్ను అక్కా అంటాడు. మామా చేపల కోసం షర్క్ మార్కెట్‌కి పంపించినప్పుడు అవి కూడా తెచ్చాడు గానీ, ఇచ్చేటప్పుడు వదల్లేదు.

"మనకెందుకక్కా ఇయ్యన్నీ? మా ఊర్లో చెరువుకు నీళ్ళొస్తేనే పండగ. నువ్వేమో నీళ్ళ మీద పోయి కూచుంటానంటావు. గమ్మున పని జేసుకోని ఇంటికి పోదాం."

"నువ్వు గమ్మునే ఉండు తమ్ముడూ. నేను కూచుంటాను," అన్నాను.

మనకెందుకు. గల్ఫ్‌కి వచ్చిన మా అందరి నోళ్ళలోనూ ఇదే మాట. బీచ్ మనకెందుకు, మంచి చెప్పులు మనకెందుకు, నవ్వు మనకెందుకు. ఎవరూ కొట్టి నేర్పలేదు, మాకు మేమే నేర్చేసుకున్నాం. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మొదటి రోజు పడవ నన్ను రెండుసార్లు నీళ్ళలో పారేసింది. రెండు వైపులా రెక్కలున్న తెడ్డు నేనెప్పుడూ చూడలేదు. ఓ పక్క వేస్తే పడవ గుండ్రంగా తిరిగేది, రెండో పక్క వేస్తే నీళ్ళు నా మొహాన కొట్టేవి. ఒడ్డున డ్రైవర్ తల పట్టుకుని కూర్చున్నాడు. తడిసిన నైటీతోనే మళ్ళీ ఎక్కాను. నిండా మునిగాక చలేమిటి? ఆ మరుసటి శుక్రవారానికి తిన్నగా పోవడం వచ్చింది. రొయ్యల తలకాయలు వంటింట్లో పారేసేవే కాబట్టి ఎరకి కరువు లేదు. దారం ఖాళీ నీళ్ళ సీసాకి చుట్టుకుని, గేలం వదిలి, చూపుడు వేలి మీద దారం ఆనించి కూర్చునేదాన్ని.

అక్కడ పడే చేపని ఇక్కడివాళ్ళు షేమ్ అంటారు. వెండి ఒళ్ళు, పసుపు రెక్కలు, పీత డిప్పని కూడా నమిలేసే గట్టి పళ్ళు. చలి వెనక్కి తగ్గే రోజుల్లో పల్లపు నీళ్ళలోకి వచ్చి బురద కెలుకుతూ తింటుంది. మొదట్లో వేలికి చిన్న చిన్న పోట్లు తగులుతాయి, ఎర రుచి చూస్తోందన్నమాట. తొందరపడి లాగితే పోయింది. ఓపిక పడితే ఒక్కసారిగా దారం పట్టుకుని పరిగెడుతుంది, పడవని కూడా దానితోపాటు ఈడుస్తుంది. మొదటి షేమ్ నా చేతికొచ్చినప్పుడు గట్టిగా నవ్వాను. ఒక్కదాన్నే ఆ నీళ్ళ మధ్య కూర్చుని, పిచ్చిదానిలా నవ్వాను. దోనె ఎక్కితే చేప పడదన్న మావాళ్ళందరికీ ఆ చేపని ఎత్తి చూపించాలనిపించింది. చింతపండు పులుసు పెడితే డ్రైవర్ మారు మాట్లాడకుండా రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆ రోజు మాత్రం మనకెందుకని అనలేదు.

ఇక నేను చేసిన తెలివి తక్కువ పని చెప్తాను. నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయో, ఎప్పుడు దిగుతాయో నాకు ఇక్కడ తెలియదు. ఊళ్ళో అయితే అన్నయ్యకి తెలుసు. అందుకని గురువారం రాత్రుళ్ళు వాట్సాప్‌లో అన్నయ్యకి ఫోన్ చేసి, రేపు పోటు ఎప్పుడని అడిగేదాన్ని. అతను గోడ మీద క్యాలెండర్ చూసి, తిథి లెక్క వేసి చెప్పేవాడు.

"పదకొండింటి దాకా ఎక్కుతానే ఉంటదే. ఏం పనే నీకది? అక్కడ గానీ వల వేత్తన్నావేంటి?" అని నవ్వేవాడు.

"పిల్లలు ఈత కొడతారంట," అనేదాన్ని.

అన్నయ్య చెప్పిన దాంట్లోంచి మనకీ ఇక్కడికీ ఉన్న రెండున్నర గంటలు తీసేసేదాన్ని. చందమామ ఒక్కడే, సముద్రం ఒక్కటే, గడియారం తేడా తప్ప ఇంకేం ఉంటుందని నా లెక్క. కోనసీమ పోటుతో కువైట్‌లో పడవ నడిపిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. విచిత్రం ఏమిటంటే కొన్ని వారాలు ఆ లెక్క బాగానే నడిచింది. అది లెక్క మహిమ కాదు. నేను ఇంటి దగ్గర లోతు నీళ్ళలోనే తిరిగేదాన్ని, నీళ్ళు దిగినా ఎక్కినా పడవ తేలుతూనే ఉండేది.

ఆ శుక్రవారం మడుగుల దాకా పోయాను. ముందు వారం దూరం నుంచి చూశాను, పల్లపు నీళ్ళలో చేపల తోకలు పైకి తేలి ఊగుతున్నాయి. అంత చేపని చూసి ఊరుకోవడం నా వల్ల కాదు. అన్నయ్య లెక్క ప్రకారం ఎనిమిదిన్నర దాకా నీళ్ళు ఎక్కాలి. హాయిగా గేలం వదిలి కూర్చున్నాను. ఒకటి పడింది, తర్వాత ఇంకోటి, తర్వాత వాటికన్నా పెద్దది. తల ఎత్తి చూసేసరికి మడుగు అంచున నల్లటి బురద మెరుస్తోంది. తెడ్డు వేస్తే నీళ్ళకి బదులు బురద లేచింది. నీళ్ళు ఎక్కడం లేదు, ఎప్పటినుంచో దిగుతున్నాయి. చూస్తుండగానే పడవ కింద ఉన్న కాసిన్ని నీళ్ళు కూడా జారిపోయి, పడవ బురద మీద కూర్చుంది.

ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంది. దూరంగా షాలే కనిపిస్తోంది, దాని మీద ఎండ తెల్లగా పడుతోంది. నాకు భయం వేసింది. నీళ్ళ భయం కాదు. ఇక్కడ ఇంట్లో పనిమనిషి కనిపించకపోతే ముందు అనుకునే మాట పారిపోయిందని. కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, వెళ్ళి పారిపోయిందని రాయించాడంటే ఇక అంతే. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు పోతుంది, దొరికిన చోట పట్టుకుని ఇంటికి పంపేస్తారు, మళ్ళీ ఈ దేశం మొహం చూడలేను. ఊళ్ళో నా ఇద్దరు పిల్లల చదువు నా పని మీదే నడుస్తోంది. వాళ్ళ నాన్న ఉన్నా లేనట్టే. మామా లేచి టీ అడిగేలోపు నేను ఆ ఇంట్లో ఉండాలి. అంతకుమించి నాకింకేం తోచలేదు.

పడవ వదిలేసి నడవబోతే మొదటి అడుగుకే తొడ దాకా దిగబడ్డాను. చెప్పు బురదలోనే ఉండిపోయింది. పడవ అంచు పట్టుకుని పైకి లాక్కుంటుంటే అమ్మ బేసిన్ గుర్తొచ్చింది. పడవ వెనక్కి వచ్చి, దాని మీదకి బోర్లా ఒరిగి, బరువంతా దానికిచ్చి, కాళ్ళతో బురదని తన్నాను. పడవ జానెడు జరిగింది. మళ్ళీ తన్నాను. అలా పాక్కుంటూ, తిట్టుకుంటూ వచ్చాను. అన్నయ్యని తిట్టాను, క్యాలెండర్ని తిట్టాను, చందమామని తిట్టాను. చేపల సంచి మాత్రం వదల్లేదు.

పాయ మలుపు దగ్గరికి వచ్చేసరికి డ్రైవర్ ఒడ్డు వెంబడి పరిగెత్తుకొస్తూ కనిపించాడు. నీళ్ళంటే అంత భయపడే మనిషి, ప్యాంటు పైకి మడిచి బురదలోకి కాలు పెట్టబోయాడు.

"రాకు, అక్కడే ఉండవయ్యా. నువ్వు కూడా దిగబడితే నిన్నెవరు లాగుతారు?" అని అరిచాను.

"యాడికి పోయినావక్కా? మామా పోలీసోళ్ళకు ఫోన్ జేస్తా అంటాంది. పారిపోయేదైతే ఫోను ఈడనే పెట్టి పోతాదా అని నేనే ఆపినా. బిరీన రా."

పడవని గట్టుకి లాగి, ఇద్దరం ఇంటి వైపు పరిగెత్తాం. మామా వెనక మెట్ల మీద నిలబడి ఉంది, చేతిలో ఫోన్ ఉంది. తల నుంచి కాళ్ళ దాకా నల్లటి బురదతో, ఒక కాలికే చెప్పుతో వచ్చిన నన్ను చూసి ఫోన్ దించింది. తర్వాత మొదలుపెట్టింది. నాది వంటింటి అరబీ, ఆవిడ కోపంలో మాట్లాడే అరబీ నాకు సగమే అందుతుంది. అందినంత మటుకు ఇదీ సంగతి: ముందు చచ్చిపోయావనుకున్నాను, తర్వాత పారిపోయావనుకున్నాను. నీకేమైనా అయితే మీ వాళ్ళకి ఎవరు జవాబు చెప్తారు?

"పారిపోయేదాన్నయితే చేపలు పట్టుకుని తిరిగొస్తానా మామా?" అని సంచి చూపించాను.

ఆవిడకి నవ్వు రాలేదు. పడవ మమ్నూ అంది, నీళ్ళు మమ్నూ అంది, అంటే ఇక వాటి జోలికి పోకూడదు. డ్రైవర్ని పిలిచి గొలుసు, తాళం తెప్పించి, పడవని గ్యాసు బండల గూటికి కట్టించింది. తాళం చెవి తన సంచిలో వేసుకుంది. "ఖలాస్," అంది.

తప్పు నాదే. నీళ్ళ సంగతి తెలియకుండా పోవడం తప్పు, ఫోన్ వదిలేసి పోవడం తప్పు, చెప్పకుండా పోవడం తప్పు. అందుకు ఏమన్నా పడతాను. కానీ పోవడమే తప్పంటే మాత్రం పడను. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఇదే మాట లోపల్లోపల ఎన్నిసార్లు అనుకున్నానో. మా ఒప్పందం కాగితంలో వారానికో రోజు సెలవని రాసి ఉంది. వచ్చినప్పటినుంచీ ఒక్కరోజు కూడా తీసుకోలేదు, అడగలేదు కూడా. అడగకుండా, దొంగలా, అందరూ పడుకున్నప్పుడు ఆ కాస్త పొద్దు తీసుకున్నాను. అదీ నా అసలు తప్పని అప్పుడు తట్టింది. నాది నేను దొంగిలించుకోవడమేమిటి?

ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. పడవ ఎక్కానని మొదటిసారి చెప్పాను.

"ఆడదానివి, పడవ ఎక్కడమేంటే? అందుకే అలాగైంది," అన్నాడు.

"అలాగైంది ఆడదాన్నని కాదు, నీ లెక్క విన్నానని. నీ పోటు నువ్వే ఉంచుకో అన్నయ్యా," అని పెట్టేశాను. అన్నయ్యతో అంత మాట నేను పుట్టి బుద్ధెరిగాక అనలేదు. పాపం, అతను చెప్పింది వాళ్ళ నీళ్ళ గురించే, ఆ నీళ్ళకి అది సరైన మాటే. అయినా తిరిగి ఫోన్ చేయలేదు.

మర్నాడు శనివారం విరిగిన చీపురు కర్ర ఒకటి తీసుకెళ్ళి, గట్టు దిగువన నీళ్ళలో పాతాను. చెత్త పారేయడానికి వెళ్ళినప్పుడల్లా, గిన్నెల మధ్యలో ఊపిరి దొరికినప్పుడల్లా దాన్ని చూశాను. నీళ్ళు ఎప్పుడు కర్రని మింగుతున్నాయో, ఎప్పుడు వదులుతున్నాయో నా కళ్ళతో చూసుకున్నాను. నన్ను చూసి డ్రైవర్ నెత్తి కొట్టుకున్నాడు.

తర్వాతి శుక్రవారం తెల్లారగట్ల నేను ఎక్కడికీ పోలేదు. ఇల్లు తుడిచాను. అందరూ లేచేదాకా ఆగాను. టీ ఇచ్చాను, ఫలహారం పెట్టాను, గిన్నెలు కడిగి బోర్లించాను. చుట్టుపక్కల షాలేలన్నీ లేచాయి, మేడల మీద జనం కూర్చున్నారు. అప్పుడు ఫోన్ ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి జేబులో పెట్టుకుని, చేయి తుడుచుకుని మామా ముందుకెళ్ళాను.

"మామా, ఇవాళ జుమా. నా సెలవు," అన్నాను.

"ఎక్కడికి?"

"ఇక్కడికే." నీళ్ళ వైపు చూపించాను. "పడవ నీది, తాళం వేసుకున్నావు. నీళ్ళకి తాళం లేదు కదా."

టికెట్ తీసి పంపించేస్తానని ఆవిడ ఒక్క మాట అంటే నా పిల్లల బడి అక్కడితో ఆగిపోతుంది. ఆ సంగతి తెలిసే అడిగాను. ఆవిడ ఏమీ అనకముందే వెనక్కి తిరిగి, మెట్లు దిగి, గేలం సీసా పట్టుకుని, నైటీతోనే నడుం లోతు నీళ్ళలోకి దిగి నిలబడ్డాను. చీపురు కర్ర సగం దాకా మునిగి ఉంది. పొద్దున అడుగు దాకా బయటపడి ఉంది, అంటే ఎక్కే నీళ్ళే.

చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. చేప ఒక్కటీ తగల్లేదు. నేను కదల్లేదు. పక్క షాలే మేడ మీద ఆడవాళ్ళు లేచి నిలబడి చూడడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకావిడ మామాని పేరు పెట్టి పిలిచి ఏదో అడిగింది. మామా ఏదో సమాధానం చెప్పి, గబగబా గట్టు దాకా వచ్చింది.

"బయటికి రా. అందరూ చూస్తున్నారు," అంది గొంతు తగ్గించి.

"చూడనీ మామా. సెలవు రోజు చేపలు పడుతున్నాను. దొంగతనం చేయట్లేదు కదా."

"నేను తిండి పెట్టట్లేదనుకుంటారు. తిండి కోసం చేపలు పట్టుకుంటున్నావనుకుంటారు."

"నేనేం చెప్పాలి మామా వాళ్ళకి?"

ఆవిడ నన్ను చూసింది, మేడ మీది ఆడవాళ్ళని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. కోపం ఉంది ఆ మొహంలో. కోపం కాకుండా ఇంకేదో కూడా ఉంది, అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సంచిలోంచి తాళం చెవి తీసి డ్రైవర్ మీదకి విసిరింది.

"ఇలా భిక్షగత్తెలా నిలబడకు. పడవ మీద కూర్చో. మడుగుల్లోకి పోవద్దు. ఫోన్ పట్టుకెళ్ళు. గట్టు వారగా, చెట్ల చాటున పో, ఎవరికీ కనపడకుండా."

మొదటి మాటలన్నిటికీ సరేనన్నాను. చివరి దానికి ఏమీ అనలేదు. డ్రైవర్ గొలుసు విప్పి పడవని నీళ్ళ దాకా మోసుకొచ్చాడు, నేను ఎక్కేదాకా అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి అతని కాళ్ళు కూడా మోకాళ్ళ దాకా తడిశాయి.

"జాగ్రత్తక్కా," అన్నాడు.

తెడ్డు వేశాను. చెట్ల చాటుకి పోలేదు. మేడల మీద ఉన్న అందరి ఎదుట, పట్టపగలు, నడి పాయలోంచి పోయాను.